బీటులో ఆఖరి ఇల్లు

ఏటిగట్టుపాళెం,
9 జూన్ 2025.

చెల్లెలు జెస్సీకి అక్క దీవెనలు.

నువ్వు ఫోను చేసిన రోజు నేను సరిగా మాట్లాడలేకపోయాను. గొంతు పూర్తిగా పోయింది. నువ్వేమో "ఎన్ని గంటలకు లీకయింది, సైరన్ మోగిందా, ఫైరింజన్ ఎప్పుడొచ్చింది" అని పోలీసు విచారణ చేసినట్టు అడుగుతూ పోయావు. "బాగున్నావా అక్కా" అన్నది నాలుగో మాట. లెక్కపెట్టానులే. మనిద్దరం ఫోనులో మూడో మాటకే కొట్లాడుకుంటామని నాయన పెట్టిన నియమం గుర్తుంది కదా: కోపం వస్తే ఉత్తరం రాయాలి, అది చేరేలోపల సగం ఆరిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

మంగళవారం పొద్దున పదిన్నరకు పోస్టాఫీసులో సంచి విప్పి ముద్రలు వేస్తున్నాను. కళ్ళలో ఎవరో వేలు పెట్టినట్టయింది. తర్వాత ముక్కు, తర్వాత గొంతు. రొయ్యల కంపెనీలో చల్లదనానికి వాడే అమోనియా అని తెలిసిపోయింది. అయిదేళ్ళుగా అది కొంచెం కొంచెం వస్తూనే ఉంది, మేము ముక్కు మూసుకుంటూనే ఉన్నాము. ఈసారి గోడ మీదుగా తెల్లగా పొగ లేచింది. సైరన్ మాత్రం మోగలేదు.

తర్వాతిది పేపర్లో చదివే ఉంటావు. అయినా నా నోటితో చెప్పుకుంటే ఆ రుచి వేరు. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని, బట్వాడాకు పోయినట్టే బయలుదేరాను. నాయన ఉత్తరాలు పంచిన బీటు వరుసలో ఒక్కటీ తప్పకుండా అరవై ఒక్క తలుపు కొట్టాను. అందరినీ గాలికి అడ్డంగా రైల్వే గేటు వైపు తరిమాను. మంచంలో ఉన్న దేవకమ్మ "నన్ను ఇడిసిపెట్టి పొండమ్మా, ఈ కాళ్ళతో నేను యాడికి వస్తా" అని ఏడిస్తే మంచంతో సహా ఎత్తించాను. చెవిటి వెంకటముని తాతకు ఎంత అరిచినా వినపడదు కదా, పోస్టుకార్డు మీద "లేచి రా" అని రాసి చూపించాను. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి, "ఎవురు రాసినారు?" అన్నాడు. అంత దగ్గులోనూ నాకు నవ్వొచ్చింది.

కంపెనీ పక్క గేటుకు తాళం వేసి ఉంది. లోపల రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు నలభై మంది కేకలు వేస్తున్నారు. గడ్డపారతో పగలగొట్టించాను. ఫైరింజన్ వచ్చి నీళ్ళు చల్లేసరికి ఊళ్ళో కోళ్ళు తప్ప ఎవరూ లేరు. అక్కమ్మ పెద్దమ్మ ఒక్కతే తిరుపతి ఆసుపత్రిలో ఉంది. కళ్ళు మంటలంట, తగ్గుతాయిలే.

కలెక్టరు గారు శాలువా కప్పారు. పేపరు ముక్క ఇందులో పెట్టాను, మీ ఆఫీసులో అందరికీ చూపించు. ఫోటోలో నాయన సంచి నా భుజానే ఉంది, గమనించావా?

ఇంకా దగ్గుతూనే ఉన్న
నీ అక్క స్టెల్లా


అమరావతి,
16 జూన్ 2025.

స్టెల్లక్కకు జెస్సీ వందనాలు.

పేపరు ముక్క నువ్వు పంపాల్సిన పనే లేదు. నీ ఉత్తరం కంటే ముందే మా సెక్షన్లో తలా ఒక కాపీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మీ అక్కగారా! అచ్చం మీ పోలికే" అన్నారు. ఆ మాట మనలో ఎవరికీ నచ్చదని వాళ్ళకేం తెలుసు?

నువ్వు బతికి బయటపడ్డావు, దేవుడికి స్తోత్రం. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, నమ్మితే నమ్ము. కానీ మన ఇంట్లో ఉత్తరంలో అబద్ధం రాయకూడదు కదా, అందుకని రెండోదీ చెబుతున్నాను. నాకు కడుపు మండింది. ఏడాదిన్నరగా నేను కూర్చుని రాస్తున్న బిల్లు ఏమిటో తెలుసా నీకు? ఫ్యాక్టరీలో గ్యాసు లీకైనా, రోడ్డు మీద యాసిడ్ ట్యాంకరు బోల్తా పడినా, ఆ మొదటి గంటలో సైరన్ ఎవరు మోగించాలి, ఊరిని ఎవరు ఖాళీ చేయించాలి, ఎవరి మాట ఎవరు వినాలి. రాష్ట్రం మొత్తానికి ఒకే చట్టం. ముప్పై నాలుగు సెక్షన్లు. ఒక్కొక్కటీ పదేసిసార్లు తిరగరాశాను. ఇన్నాళ్ళలో "బాగా రాశావు జెస్సీ" అన్నవాళ్ళు లేరు. నువ్వు ఒక పూట తలుపులు కొట్టావు, నీకు శాలువా.

ఇక సంచి సంగతి. గమనించాను. గమనించాలనే కదా రాశావు? సెలవు రోజుల్లో నువ్వు ఇంట్లో పడుకుని పుస్తకాలు చదువుకునేదానివి. శనివారం శనివారం నాయన సైకిలు వెనక పరిగెత్తింది నేను. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో ఉత్తరం చదివి పెట్టాలో నాకు తెలుసు. ఆయన పోయాక ఉద్యోగం పెద్దపిల్లకే అన్నారు, నీకిచ్చారు. నేను చదువుకుని ఇంత దూరం వచ్చాను. అందరూ నాదే పెద్ద ఉద్యోగమంటారు. కానీ ఆ సంచి చూస్తే ఇప్పటికీ నాకు ఏదోలా ఉంటుంది.

శాసనసభ వాళ్ళు బిల్లు మీద కమిటీ వేశారు. ఆగస్టులో తిరుపతికి వచ్చి జనం మాట వింటారు. మా డిప్యూటీ సెక్రటరీ నారాయణి మేడం నిన్ను సాక్షిగా పిలవాలంటున్నారు. నేను రాసిన చట్టం గురించి నిన్ను అడుగుతారన్నమాట. నన్ను కాదు.

మిరియాల కషాయం తాగు.

జెస్సీ


ఏటిగట్టుపాళెం,
23 జూన్ 2025.

జెస్సీకి,

నీ కడుపుమంట ఇక్కడిదాకా వచ్చింది, కవరు వేడిగా ఉంది. కానీ ఇవాళ నాకు ఎగతాళికి టైము లేదు.

శుక్రవారం ఎస్సై గారు పిలిపించారు. కంపెనీ వాళ్ళు ఫిర్యాదు ఇచ్చారంట. గేటు పగలగొట్టించానని, కంపెనీ ప్రకటించకముందే వదంతి లేపి జనాన్ని బెదరగొట్టానని. "సూడమ్మా, నువ్వు చేసింది మంచిదే, నాకూ తెలుసు. కానీ కాయితం వచ్చినాక నేనేం చేసేది?" అన్నారాయన. కేసు కట్టారు. కేసు తేలేదాకా ఉద్యోగానికీ ప్రమాదమేనని మా పోస్టల్ ఇన్‌స్పెక్టరు చల్లగా చెప్పి పోయాడు. శాలువా కప్పినవాళ్ళు ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

జెస్సీ, నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఎందుకో కూడా చెబుతాను. నేను ముద్ర వేస్తే ఒక కవరు కదులుతుంది. నువ్వు ఒక మాట రాస్తే రాష్ట్రమంతా దాని ప్రకారం నడుస్తుంది. ఊళ్ళో "మీ చెల్లెలు సచివాలయంలో కదా" అన్నప్పుడల్లా నవ్వుతాను, ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోముతాను. మా ఆయన అడుగుతాడు, ఏం వచ్చింది నీకు అని. నీకు నా సంచి మీద ఉన్నట్టే నాకు నీ కుర్చీ మీద ఉంది. అందుకే అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. మీ చట్టంలో ఒక్క వాక్యం పెట్టు. ప్రాణాలు కాపాడాలని మంచి మనసుతో ఎవరు ఏం చేసినా వాళ్ళ మీద కేసు పెట్టకూడదని. నీ అక్క కోసమని కాదు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకామె గేటు ముందు నిలబడి గడ్డపార ఎత్తాలా వద్దా అని ఆలోచిస్తుంది కదా, ఆమె కోసం.

జవాబు తొందరగా రాయి.

స్టెల్లా


అమరావతి,
24 జూన్ 2025.

స్టెల్లక్కకు,

సాక్షులందరికీ బిల్లు ముసాయిదా పంపమని మేడం చెప్పారు. ఇందులో ఉంది. 31వ సెక్షన్ పక్కన పెన్సిలుతో గీత గీశాను, అది చదువు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేను.

జెస్సీ


ఏటిగట్టుపాళెం,
1 జూలై 2025.

గొప్ప ఆఫీసరు జెస్సీ గారికి,

చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. "ప్రభుత్వం వద్ద నమోదైన సహాయకులు సదుద్దేశంతో చేసిన పనికి వారిపై ఎటువంటి కేసూ చెల్లదు." నమోదైన! అంటే శిక్షణ తీసుకుని, రిజిస్టరులో పేరుండి, మెడలో కార్డు వేసుకున్నవాళ్ళు. ఏటిగట్టుపాళెంలో అటువంటివాళ్ళు ఎవరున్నారో చెప్పు. వెంకటముని తాతా?

నన్ను కాపాడే వాక్యం ఒకటి అడిగితే, నన్ను బయటికి నెట్టే వాక్యం వెతికి, కనపడదేమోనని గీత కూడా గీసి పంపావు. "పని ఎక్కువగా ఉంది" అంట. కేసు గురించి ఒక్క ముక్క లేదు, ధైర్యం చెప్పిన పాపాన పోలేదు. ఇంత కుళ్ళు ఎక్కడ దాచుకున్నావే? పేపర్లో ఒక్కరోజు నా ఫోటో వస్తే తట్టుకోలేకపోయావా? నువ్వు పుట్టినప్పుడు నా పాత గౌన్లన్నీ నీకే వేశారు. నేను ఏడ్చానా?

నేను ఏ కమిటీకీ నీ ముఖం చూసి రాను. వచ్చినా నీ చట్టం ఎంత గొప్పదో అందరి ముందూ చదివి వినిపించడానికి వస్తాను.

సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.


అమరావతి,
7 జూలై 2025.

స్టెల్లక్కా,

పోస్టుమాస్టరువి, కవరు మీద ముద్రలో తేదీ చూడటం కూడా రాదా నీకు? నువ్వు 23న రాశావు, నేను 24న రాశాను. రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నేను ముసాయిదా పంపినప్పుడు నీ మీద కేసు ఉందనే నాకు తెలియదు. ఆ మాత్రం చూసుకోకుండా నా పుట్టుక దాకా వెళ్ళావు.

సరే, కుళ్ళు అన్నావు కదా. ఉంది. ఆ కుళ్ళుతోనే నీ మొదటి ఉత్తరం ఇరవైసార్లు చదివాను, ఎక్కడైనా నీ తప్పు దొరుకుతుందేమోనని. దొరికింది. చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

నాయన బీటు వరుసలో పోయానని రాశావు. ఆ వరుస నీకంటే నాకు బాగా తెలుసు. పోస్టాఫీసు, పెద్ద వీధి, చర్చి వీధి, రైల్వే గుడిసెలు, ఆ తర్వాత పొలాల్లో ఒంటరిగా అక్కమ్మ పెద్దమ్మ ఇల్లు. ఆమె ఇల్లు ఆఖరున ఎందుకుందో తెలుసా? ఆమె మజ్జిగ ఇస్తుందని. బట్వాడా అంతా ముగించి, ఆ అరుగు మీద చెప్పులు విప్పి కూర్చుని, నాయన రెండు గ్లాసులు తాగేవాడు, నాకొకటి ఇప్పించేవాడు. కాళ్ళు చాపుకోవడానికి పెట్టుకున్న వరుస అది.

ఇప్పుడు ఆ పొలాల్లో ఏముంది? రొయ్యల కంపెనీ. వాళ్ళ గోడకు ఊళ్ళో అన్నిటికంటే దగ్గర ఇల్లు ఎవరిది? నువ్వు అరవై తలుపులు కొట్టుకుంటూ, అరవై ఒకటోదిగా ఆమె తలుపు కొట్టావు. పొగ మొదట వెళ్ళిన ఇంటికి నువ్వు ఆఖరున వెళ్ళావు.

సంచి నా దగ్గరుంటే ఈ తప్పు జరిగేది కాదు.

జెస్సీ


ఏటిగట్టుపాళెం,
21 జూలై 2025.

జెస్సీకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు బట్వాడాకు పోలేదు. పదమూడేళ్ళలో మొదటిసారి. మరుసటి రోజు తిరుపతి బస్సెక్కాను.

పెద్దమ్మ ఎడమ కన్ను పోయింది. రెండోది దక్కుతుందని డాక్టరు చెప్పాడు. నన్ను గొంతుతో గుర్తుపట్టింది. "స్టెల్లమ్మా, ఏమన్నా ఉత్తరం వచ్చినాదా?" అని అడిగింది. కువైట్‌లో ఉన్న మనవడు రాస్తాడని ఆమెకు ఎప్పుడూ ఆశే కదా. లేదు పెద్దమ్మా అన్నాను. తర్వాత అడగాల్సింది అడిగాను. పొగ కనపడ్డప్పుడు ఎందుకు పరిగెత్తలేదు పెద్దమ్మా, ఊరంతా రైల్వే గేటు వైపు పోతుంటే నీకు కనపడలేదా అని.

ఆమె ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "కనపడకేమమ్మా. కండ్లు మండతా ఉండాయి, కానీ నువ్వు రాలేదు గదా ఇంకా. దినామూ ఆఖర్న వస్తావు. పోస్టమ్మ వస్తాది, వచ్చినాక ఆమెతో పోదాంలే అని అరుగు మీద కూసున్నా. నువ్వు రాకుండా నేను యాడికి పోతా?"

నేను వస్తానని కూర్చుంది, జెస్సీ. నేను లేని ఊరైతే ఆమె పరిగెత్తేది. నా చెయ్యి పట్టుకుని, "ఆఖర్నైనా వచ్చినావు గదా, నా తల్లి" అంది. ఆ మాటకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

నువ్వు గెలిచావు. నీకు సంతోషమేనా అని అడగాలని వచ్చే దారంతా అనుకున్నాను. ఇప్పుడు అడగాలని లేదు. శాలువా పెట్టె అడుగున పెట్టేశాను. కమిటీకి రానని మీ మేడంకు చెప్పు. పేపరు వాళ్ళు రాసినదాన్ని నా నోటితో మళ్ళీ చెప్పలేను.

స్టెల్లా


అమరావతి,
28 జూలై 2025.

అక్కా,

నాకు సంతోషం లేదు. నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను, చదివి బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ అరుగు, ఆమె ఇత్తడి గ్లాసు, గ్లాసు మీద ఆమె పేరు, అన్నీ గుర్తున్నాయి. అవి గుర్తుండబట్టే నిన్ను అక్కడ పొడిచాను.

ఇప్పుడు నా తప్పు విను. జూన్ 12న నారాయణి మేడం నీ ఫోటో చేతిలో పట్టుకుని నా దగ్గరకొచ్చారు. "జెస్సీ, మన 31 ఈమెకు వర్తిస్తుందా? ఈమె నమోదైన మనిషేనా?" అని అడిగారు. నాకు తెలుసు, వర్తించదని. "వర్తిస్తుంది మేడం" అన్నాను. ఎందుకన్నానో ఇన్నాళ్ళూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. వర్తించదు అంటే ఆ సెక్షన్ అప్పుడే మార్చేవాళ్ళు. నీ వల్ల మారేది. నేను ఏడాదిన్నర రాసిన చట్టం నీ వల్ల బాగుపడటం చూడలేకపోయాను. అంతే అక్కా, ఇంక వేరే కారణం లేదు.

తర్వాత నిద్ర పట్టక, ముసాయిదా పంపేటప్పుడు గీత గీశాను. నువ్వు చదివి, కమిటీ ముందు నువ్వే అడుగుతావని. నోరు విప్పే ధైర్యం లేనిదాన్ని పెన్సిలు పట్టుకున్నాను. నువ్వది వెక్కిరింపు అనుకున్నావు. నీ జాగాలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని.

శుక్రవారం మేడంకు అంతా చెప్పేశాను. ఆమె "బిల్లు మన చెయ్యి దాటింది. ఇప్పుడు కమిటీయే మార్చాలి. అది సాక్షి చెప్తేనే మారుస్తారు" అన్నారు. సాక్షి మా అక్క కాబట్టి నేను ఆ రోజు తిరుపతికి రాకూడదని కూడా అన్నారు.

కాబట్టి నువ్వు రావాలి. ఆగస్టు 22, శుక్రవారం. ఒక్కటి మాత్రం విను. పెద్దమ్మ మాట అక్కడ ఎత్తొద్దు. కంపెనీ వకీలు కూడా వస్తాడు. వరుస తప్పానని నువ్వే ఒప్పుకుంటే, కన్ను పోయింది తమ గ్యాసు వల్ల కాదు, నీ వల్లేనంటాడు. కేసు మొత్తం నీ మీదికి తిరుగుతుంది, ఉద్యోగం పోతుంది. తలుపులు కొట్టాను, గేటు పగలగొట్టించాను, 31లో ఆ ఒక్క మాట తీసెయ్యండి, అంతే చెప్పి వచ్చెయ్. నీ మంచికే చెబుతున్నాను. ఈసారి నిజంగానే.

జెస్సీ


ఏటిగట్టుపాళెం,
25 ఆగస్టు 2025.

జెస్సీకి,

నిన్ను ఎంత తిట్టుకున్నానో రాస్తే కవరు తూకం పెరుగుతుంది. నాలుగు రోజులు తిట్టుకున్నాను. అయిదో రోజు, జూన్‌లో నేనే నీ జాగాలో ఉంటే మేడంకు ఏం చెప్పేదాన్నని ఆలోచించాను. జవాబు నాకే నచ్చలేదు. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

శుక్రవారం పోయాను. పెద్ద హాలు, ఏసీ, బల్ల చుట్టూ తొమ్మిది మంది. అధ్యక్షుడు మెత్తటి మనిషే. పేపరు ముక్క ముందు పెట్టుకుని "ధైర్యంగా చెప్పండమ్మా" అన్నాడు. కంపెనీ వకీలు పక్కన కూర్చుని పెన్ను తిప్పుతున్నాడు. నువ్వు చెప్పమన్నట్టే మొదలుపెట్టాను. తలుపులు, దేవకమ్మ మంచం, పోస్టుకార్డు. అందరూ నవ్వారు. గేటు కాడికి వచ్చాను. "ఆ ఆడోళ్ళు కేకలేస్తా ఉంటే, ఎవురు నమోదైనారు ఎవురు కాలేదని నేను యాడ వెతుక్కునేది సార్? ఆ మాట తీసేయండి" అన్నాను. రాసుకున్నారు. అక్కడితో కూర్చోవాల్సింది.

కూర్చోలేకపోయాను. అధ్యక్షుడు "ఒక్క ఇల్లూ తప్పకుండా అందరినీ కాపాడారు" అన్నాడు చూడు, అప్పుడు. "అయ్యా, అరవై ఇండ్లకు మేలు చేసినాను. ఒక ఇంటికి చెడ్డ చేసినాను. రెండూ రాసుకోండి" అన్నాను. అక్కమ్మ పెద్దమ్మ సంగతి మొత్తం చెప్పాను. మజ్జిగతో సహా. ఆమె నా కోసం కూర్చుందని కూడా చెప్పాను. వకీలు పెన్ను తిప్పడం ఆపి గబగబా రాసుకున్నాడు. రాసుకోనీ.

చట్టంలో ఏం కావాలో చెప్పమన్నారు. కంపెనీ గోడ పక్కన ఉన్న ప్రతి ఊళ్ళో ఒక జాబితా ఉండాలన్నాను. వీధి ప్రకారం కాదు, గోడ నుంచి మొదలుపెట్టి. ఏ ఇంట్లో చెవుడు, ఏ ఇంట్లో మంచం, ఎవరు ఎవరి కోసం కాచుకుని కూర్చుంటారు, అన్నీ అందులో ఉండాలి. ఎవరి చేతిలో ఉన్నా ఆ వరుసలోనే పోవాలి.

"ఇది మీకెలా తట్టిందమ్మా?" అని అధ్యక్షుడు అడిగాడు. "నాకు తట్టలేదు సార్. మా సెల్లెలు చెప్పింది" అన్నాను. నీ పేరు అడిగితే చెప్పేదాన్నేమో. అడగలేదు, నేనూ చెప్పలేదు. అంత మంచిదాన్ని కాదు.

స్టెల్లా


అమరావతి,
6 అక్టోబరు 2025.

అక్కకు వందనాలు.

నీ సాక్ష్యం రికార్డు టైపు చేయడానికి ఎవరి బల్ల మీదికి వచ్చిందో ఊహించు. ఎవరూ ఖాళీగా లేరంట. "సాక్షి చెల్లెలు సూచించినట్లు" అని నా వేళ్ళతో నేనే కొట్టాను. పేరు జాగా ఖాళీ. పేరు ఇరికించాలని వేలు కీబోర్డు మీద కాసేపు ఆడింది. ఇరికించలేదు.

బిల్లు సభలో పాసయింది. 31లో "నమోదైన" తీసేశారు, "ఎవరైనా" అని పెట్టారు. 35వ సెక్షన్ కొత్తది, నీ జాబితా. గోడ నుంచి ఇళ్ళ వరుస, ఏడాదికి రెండుసార్లు ఊరంతా ఆ వరుసలో నడిచి చూసుకోవాలి. మేడం మొదటిసారి "బాగా రాశావు జెస్సీ" అన్నారు, ఆ సెక్షన్ గురించే. ఆమె బయటికి వెళ్ళాక తల పట్టుకున్నాను. నేను సొంతంగా రాసిన ముప్పై నాలుగింటికి దొరకని మాట, నీ మాటలు తిరగరాసిన ఒక్కదానికి దొరికింది. నా కడుపుమంట తగ్గలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. దానితోనే బతకడం అలవాటు చేసుకుంటున్నాను.

ఇప్పుడు చేదు మాట. ఈ చట్టం అంతకుముందు జరిగినదానికి వర్తించదు. నీ తర్వాత గేటు పగలగొట్టేవాళ్ళను కాపాడుతుంది, నిన్ను కాపాడదు. ఇది నీకు ఫోనులో చెప్పలేక ఇన్ని రోజులు ఆగాను. నవంబరులో సూళ్లూరుపేట కోర్టులో నీ వాయిదాకు సెలవు పెట్టాను. నీ పక్కన నిలబడతాను. ఆ రోజైనా నన్ను రావద్దనేవాళ్ళు లేరు.

పెద్దమ్మ ఇంటికి వచ్చిందా?

జెస్సీ


ఏటిగట్టుపాళెం,
13 అక్టోబరు 2025.

జెస్సీకి అక్క దీవెనలు.

నన్ను కాపాడదని తెలిసింది. గేటు విషయంలో నాకు బెంగ లేదు, మళ్ళీ అయినా పగలగొట్టిస్తాను. ఉద్యోగం గురించి మాత్రం భయంగానే ఉంది. నువ్వు పక్కన ఉంటానన్నావు కదా, అది మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

పెద్దమ్మ పోయిన ఆదివారం ఇంటికి వచ్చింది. సోమవారం నుంచి బీటు తిప్పేశాను. చట్టం అమలయ్యేదాకా ఆగడం ఎందుకని. సంచి భుజాన వేసుకుని ఊరంతా దాటుకుని నేరుగా పొలాల వైపు పోతుంటే ప్రతి అరుగు మీదినుంచీ ఒకటే గోల. "ఏమ్మే స్టెల్లా, మా ఉత్తరం సంచిలో పెట్టుకొని మా ముందరే పోతా ఉండావే?" అని. వెంకటముని తాతకు పోస్టుకార్డు మీద రాసి చెప్పాల్సి వచ్చింది. అరవై ఇళ్ళు దాటి ఆమె గడప ఎక్కాను.

పెద్దమ్మ అరుగు మీదినుంచి ఉలిక్కిపడి లేచింది. గోడ పట్టుకుని చెప్పుల కోసం కాలితో వెతుకుతూ, "ఏందమ్మా ఇంత పొద్దున్నే వచ్చినావు? మళ్ళా గ్యాసు వచ్చినాదా?" అంది.

లేదు పెద్దమ్మా, ఊరికే వచ్చాను, ఇక రోజూ నీకే మొదట అన్నాను. కాసేపటికి గానీ కూర్చోలేదు. తర్వాత ఆమెకు వచ్చిన చింత ఏమిటో తెలుసా? "అయ్యో, మజ్జిగ ఇంకా చిలకలేదే!" అని. నాయన సంపాదించిన మజ్జిగ మన ఇంటికి అక్కడితో ఆగిపోయింది.

ఇక ముందు ఆమె అలా ఉలిక్కిపడకూడదు. అలవాటు కావాలంటే కొన్ని రోజులు పడుతుంది. ఒక శనివారం రా. కొత్త వరుస ఆమె ఇంటి నుంచి వెనక్కి ఎలా రావాలో నాకింకా సరిగా కుదరడం లేదు, రైల్వే గుడిసెల దగ్గర రెండిళ్ళు తడబడుతున్నాను. నీకైతే కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఆ రోజు సంచి నువ్వు మొయ్యి.

సాయంత్రానికి మళ్ళీ ఇచ్చెయ్యాలి.

అక్క
స్టెల్లా